హిట్టీ సాటెల్ చూసిన చెట్టు

బండిబాట మలుపు తిరిగే చోట నిచ్చెన రెండు మేపుల్ చెట్ల మధ్య ఇరుక్కుంది. ముందు కొసన కెంప్‌ఫీల్డ్ ఊరిపెద్దల్లో ఒకడైన కమ్మరి లైమన్ థేయర్, వెనక కొసన పక్క ఊరు హాడ్‌బరీ పెద్ద, అక్కడి చర్చి పరిచారకుడైన డీకన్ ఆసహెల్ రూట్. ఇద్దరి బూట్లూ చీలమండల దాకా ఏప్రిల్ బురదలో ఉన్నాయి. ఒకరు ముందుకు లాగుతుంటే ఇంకొకరు వెనక్కి లాగుతున్నారు. ఆ రెండూళ్ల వ్యవహారం చాలా ఏళ్లుగా అలాగే నడుస్తోంది కాబట్టి ఇద్దరికీ అదేం వింతగా తోచలేదు.

పైనుంచి దిగి వస్తున్న ముసలావిడ కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడి కాసేపు ఈ తమాషా చూసింది.

"ఏరా లైమన్, ఏప్రిల్‌లోనే ఆపిల్ కాయలు కోయడానికి బయల్దేరారా ఇద్దరూ?"

"ఆపిల్ కాయలకు కాదు హిట్టీ అత్తా. సరిహద్దు నడకకు."

"సరిహద్దు నేల మీదే ఉంటుందనుకున్నా ఇన్నాళ్లూ. ఆకాశంలోకి ఎప్పుడెక్కింది?"

డీకన్ గారు నిచ్చెన దించి, టోపీ కొద్దిగా ఎత్తి, చర్చిలో మాట్లాడే గొంతుతో వివరించారు. "చెట్టు పెరుగుతుంది కదమ్మా. చెట్టుతో పాటు దాని ఒంటి మీది గుర్తూ పైకి పోతుంది. మా తాతల నాడు రొమ్ము ఎత్తున కొట్టిన గొడ్డలి దెబ్బ ఈపాటికి పదిహేను అడుగులన్నా ఎక్కి ఉంటుంది. లెక్క కట్టే తెచ్చాను నిచ్చెన."

హిట్టీ నోరు తెరిచింది. మళ్లీ మూసింది. లైమన్ వైపు చూసింది. లైమన్ బురద వైపు చూశాడు.

డీకన్ గారి లెక్క తప్పని అతనికి తెలుసు. కొలిమి ముందున్న మేపుల్ చెట్టుకు గుర్రాలను కట్టే ఇనుప కడియం కొట్టి పద్దెనిమిదేళ్లయింది. బెరడు దాన్ని సగం మింగింది గానీ వెంట్రుకవాసి పైకి ఎత్తలేదు. ఆ సంగతి అతనికి వేలు పెట్టి చూపించింది ఈ హిట్టీ అత్తే. డీకన్ గారికి మాత్రం వాళ్ల నాన్న చెప్పాడు, వాళ్ల నాన్నకు వాళ్ల తాత చెప్పాడు. ఆ కొండల్లో చెట్ల మధ్యే పుట్టి, చెట్లు కొట్టి, చెట్ల చెక్కతో చేసిన పెట్టెలోనే పోయే మనుషులు చెట్టు ఎటు పెరుగుతుందో చూసేవారు కాదు. రోజూ చేతిలో ఉండే వస్తువును ఎవరూ చూడరు. లోకమంతా అంతే.

"సరే, పదండి," అంది హిట్టీ. దిగుతున్నదల్లా వెనుదిరిగి వాళ్లతో పాటు పైకి నడిచింది. ఎందుకని వాళ్లడగలేదు. ఆమె ఏ దారిన వెళ్లాలనుకుంటే ఆ దారిన వెళ్లడం నలభై ఏళ్లుగా రెండూళ్లకూ అలవాటే.

ఇంతకీ సరిహద్దు నడక సంగతి. ఏడేళ్లకోసారి పక్కపక్క ఊళ్ల పెద్దలు కలిసి ఎల్ల వెంట నడవాలన్నది న్యూ హాంప్‌షైర్ చట్టం. ప్రతి మూలరాయినీ, ప్రతి గుర్తు చెట్టునూ చూసి, కొత్తగా గుర్తు కొట్టి, చూశామని కాగితం మీద సంతకం పెట్టాలి. ఎల్లల కోసం రాజ్యాలు సైన్యాలను నడిపిస్తాయి. అక్కడ నడివయసు దాటిన నలుగురు మనుషులు మోకాళ్లు పట్టుకుని నడిచి ఆ పని ముగిస్తారు. అయితే మోకాళ్ల నొప్పి పుట్టించే పని ఏదైనా సరే, కూర్చుని చేసే ఉపాయం మనిషి వెతక్కుండా ఉండడు. గడచిన మూడు నడకలూ సత్రంలో, పొయ్యి ముందు, పంది మాంసంతో ఉడికించిన చిక్కుళ్లు తింటూ జరిగాయి. సంతకాలు మాత్రం చక్కగా ఉన్నాయి. కొండ మీది మూల గుర్తును ఇరవై ఒక్క ఏళ్లుగా ఎవరూ చూడలేదు. పాత కాగితంలో ఉన్నదల్లా 'రాతిబల్ల దగ్గర గుర్తు కొట్టిన చెట్టు' అన్న ముక్క. ఆ చెట్టు దొరక్కపోతే, సత్రంలో రాసుకున్న కాగితాల ప్రకారం, కింద పారే వాగే ఎల్ల.

వాగుకూ రాతిబల్లకూ మధ్య అరవై ఎకరాల హెమ్‌లాక్ అడవి ఉంది. ఏడాది పొడుగునా పచ్చగా, మిట్టమధ్యాహ్నం కూడా సాయంత్రంలా ఉండే అడవి. గొడ్డలి తగలని అడవి. కెంప్‌ఫీల్డ్ వాళ్లు దాన్ని ముట్టకూడదని ఊరి సభలో ఓటేసుకున్నారు. హాడ్‌బరీ వాళ్లు తమ హెమ్‌లాక్‌లన్నీ తోళ్ల కార్ఖానాకు రాసిచ్చేశారు. మే నెలాఖర్లో చెట్టుకు పసరెక్కగానే కార్ఖానా మనుషులు వస్తారు. చెట్టును పడగొట్టి, తోళ్లు పదును చేయడానికి బెరడు ఒలుచుకుని, మానును అక్కడే కుళ్లడానికి వదిలేసి పోతారు. ఎల్ల వాగైతే అడవి ఉంటుంది. ఎల్ల రాతిబల్ల దగ్గరి చెట్టైతే, జూన్ నాటికి ఉండదు.

ఆ అడవి నిలబడటానికి కారణం ఒక ఉత్తరం. కౌంటీ పత్రికలో 'ఒక బాటసారి' అన్న పేరుతో ముప్పై ఏళ్లుగా వారం వారం అడవి కబుర్లు వచ్చేవి. హాడ్‌బరీ వైపు హెమ్‌లాక్‌లు కొట్టేసిన వాలులో ఎన్ని ఊటలు ఏ నెలలో ఎండిపోయాయో బాటసారి ఒకసారి వరసగా రాశాడు. అది చదివే కెంప్‌ఫీల్డ్ వాళ్లు ఓటేశారు. ఆ బాటసారి కౌంటీ కేంద్రంలో పదవి నుంచి దిగిపోయిన జడ్జిగారని కొందరు, ఊపిరితిత్తుల జబ్బుతో కొండగాలికి వచ్చిన పాదిరి అని కొందరు అనుకునేవారు. అది హిట్టీ సాటెల్ అని తెలిసినవాడు లైమన్ ఒక్కడే. శనివారం శనివారం కవరు పట్టుకెళ్లి టపాలో వేసేది అతనే.

బాప్టిజం పుస్తకంలో ఆమె పేరు మెహిటబుల్. తండ్రి ఇళ్ల కప్పులకు చెక్క పెంకులు చీల్చేవాడు. ఏ చెట్టు ఎటు చీలుతుందో ఆమె అక్షరాలకంటే ముందు నేర్చుకుంది. అయిదు వేసవులు బడి చెప్పింది. లైమన్ ఆమె దగ్గరే కూడికలూ, చెవి మెలికలూ నేర్చుకున్నాడు. గుర్రాల వ్యాపారి ఒకడు పెళ్లాడతానని రెండేళ్లు తిరిగాడు. అతని గుర్రాలు ఆమెకు బాగా నచ్చాయి. తర్వాత తల్లి మంచాన పడి తొమ్మిదేళ్లుంది. తల్లి పోయాక హిట్టీ వేర్లు తవ్వడం మొదలుపెట్టింది. జిన్‌సెంగ్, బంగారు తీగవేరు, స్ప్రూస్ జిగురు ఏరి, ఎండబెట్టి, మందుల అంగళ్లకు తీసుకుపోయే బండివాడికి ఇచ్చేది. వేర్ల కోసం తల వంచుకుని నడిచిన మనిషి మిగతావన్నీ చూసింది. లంగాకు ఆరు జేబులు కుట్టించుకుంది. ఒకదాంట్లో పెన్సిలు, ఒకదాంట్లో మొక్కజొన్న రొట్టె, మిగతా వాటిల్లో ఏముంటాయోనని లైమన్ పెళ్లాం ఉతకడానికి భయపడేది.

పత్రికకు ఆమె ఏం రాసేదంటే, చూసింది రాసేది. అంతకు మించి ఏమీ లేదు. ఒక వసంతంలో ఫలానా పిట్ట మే ఆరున వచ్చిందని రాసింది. మరుసటి వారం మళ్లీ రాసింది: 'పోయిన వారం రాసింది తప్పు. నేను పాట విన్నాను, పిట్టను చూడలేదు. పాడింది వేరే పిట్ట.' ఇలాంటి దిద్దుబాట్లు ముప్పై ఏళ్లలో తొమ్మిది ఉన్నాయి. పత్రికాఫీసు వాళ్లు వాటిని వేయడానికి సిగ్గుపడితే, వేయకపోతే ఇక రాయనని బెదిరించి వేయించింది.

ఆమె పోయిన పన్నెండేళ్లకు బోస్టన్ అచ్చాఫీసొకటి ఆ ఉత్తరాలన్నీ ఏరి పుస్తకం వేసింది. ముందుమాట రాసిన పెద్దమనిషి ఆమెను మనుషుల పొడ గిట్టక అడవి చేరిన ముని కింద జమకట్టాడు. హిట్టీ వారానికి మూడిళ్లలో భోంచేసేది, నాలుగిళ్ల తగాదాల్లో తలదూర్చేది, ఎవరింట్లో ఏం వండారో మైలు దూరం నుంచి చెప్పేది. అడవిని ప్రేమించేవాళ్లకు మనుషులంటే పడదన్నది పట్నాల్లో పుట్టిన కథ. అడవిలో ఒక్కరోజు నడిచినవాడు సాయంత్రానికి ఎవరితోనో ఒకరితో మాట్లాడాలని గిలగిల్లాడతాడు. ఆ కౌంటీ బడుల్లో మాత్రం పుస్తకం కంటే ఆమె అలవాటే ఎక్కువ నిలిచింది. గోడ మీద సుద్దతో మొదటి పిట్ట వచ్చిన తేదీ రాస్తారు. తప్పైతే చెరపరు, పక్కన సరైనది రాస్తారు.

సరే, నిచ్చెన దగ్గరికి పోదాం. దారి ఇరుకైంది. డీకన్ గారు వెనక కొసన ఆయాసపడుతున్నారు. హిట్టీ ముందు లైమన్ పక్కనే నడుస్తోంది.

"అత్తా," అన్నాడు లైమన్ గొంతు తగ్గించి. "నువ్వేం అనకు. ఆయన ఎక్కుతాడు, ఏమీ కనబడదు, దిగుతాడు. వాగే ఎల్ల అని రాసేసుకుని పోతాం. అడవి మనకుంటుంది."

"అబద్ధం చెప్పమంటున్నావా?"

"చెప్పొద్దనే అంటున్నా. ఊరికే ఉండు చాలు."

"ఊరికే ఉండటం నీకు బడిలో నేర్పలేకపోయాను. ఇప్పుడు నువ్వు నాకు నేర్పుతున్నావు." నాలుగడుగులు వేసి, "అడిగితే తప్ప చెప్పను. అడగడం ఆయన వంతు," అంది.

"ఏమిటక్కడ గుసగుసలు?" అన్నారు డీకన్ గారు.

"మీరు నిచ్చెన మోస్తున్నారా, దాని మీద వేలాడుతున్నారా అని అనుకుంటున్నాం," అంది హిట్టీ.

రాతిబల్ల చేరాక డీకన్ గారు కూలబడి, జాడీ మూత తీసి అల్లం, బెల్లపుపాకం, వెనిగర్ కలిపిన నీళ్లు తాగారు. ఆయన మద్యం మానిన వాళ్ల సంఘానికి అధ్యక్షుడు. తర్వాత కోటు లోపలి జేబులోంచి నాలుగు మడతల పాత పత్రిక ముక్క తీశారు.

"ఇదే నా ఆధారం. పదకొండేళ్ల కిందటిది. రాసినాయన జడ్జిగారట."

"జడ్జిగారా!" అంది హిట్టీ. "పాపం, ఆయన బూట్లు ఎంత తడిసుంటాయో."

డీకన్ గారు కళ్లజోడు పెట్టుకుని చదివారు. "'రాతిబల్లకు తూర్పున ఇరవై అడుగుల్లో ఒక హెమ్‌లాక్ ఉంది. ఇద్దరు చేతులు చాచి కౌగిలిస్తే గానీ అందదు. దాని ఒంటి మీద పాత గొడ్డలి గాయం ఉంది. చెట్టు ఆ గాయాన్ని పెదవులు బిగించినట్టు మూసేసింది.' చూశావా లైమన్? చెట్టు ఇదే. ఇరవై అడుగులూ సరిపోయాయి. ఎంత ఎత్తునో రాయలేదు, అదొక్కటే లోపం. పట్టుకో నిచ్చెన."

లైమన్ పట్టుకున్నాడు. అరవై అయిదేళ్ల డీకన్ గారు మెట్టుకొక కీర్తన మాట పలుకుతూ ఎక్కారు.

"ఏమన్నా కనబడిందా?"

"చీమలు."

"ఇంకాస్త పైకి?"

"వడ్రంగిపిట్ట కన్నం. మా ఊరి గుర్తు గుండ్రంగా ఉండదు."

నిచ్చెన చెట్టు చుట్టూ నాలుగు దిక్కులా వేశారు. డీకన్ గారు నాలుగుసార్లూ ఎక్కారు. లైమన్ నిచ్చెన గట్టిగా పట్టుకుని, కళ్లు చెట్టు మొదట్లో ఒకచోట పడకుండా జాగ్రత్తపడ్డాడు. అక్కడ, అతని రొమ్ము ఎత్తున, బెరడు మీద అరచేయంత గుంట ఒకటి నిలువు ముడతతో ఉంది. హిట్టీ రాతిబల్ల మీద కూర్చుని మొక్కజొన్న రొట్టె తుంచుకుని తింటోంది.

నాలుగోసారి దిగుతూ దిగుతూ డీకన్ గారు సగంలో ఆగి, మెట్టు మీదే కూర్చున్నారు. టోపీ తీసి ముఖం తుడుచుకున్నారు.

"లేదు లైమన్. ఆయన రాసిందంతా కల్పన."

"పోనీండి డీకన్ గారూ. వాగే ఎల్ల అని రాసుకుందాం."

"ఎల్ల సంగతి కాదయ్యా." ఆయన జేబులోంచి కాగితం తీసి విప్పారు. "మా ఆవిడ ప్రూడెన్స్ చివరి చలికాలం మంచం దిగలేదు. రోజూ సాయంత్రం ఇవే చదివి వినిపించేవాణ్ణి. 'ఆసహెల్, ఈయన నన్ను రోజూ బయటికి తీసుకుపోతున్నాడు' అనేది. అది పోయాక కూడా కత్తిరించి దాచుకున్నాను. పెట్టెడున్నాయి. ఇదొక్కటి అబద్ధమైతే ఏది నిజమని నమ్మాలి? ప్రూడెన్స్‌ను నేను ఎక్కడికీ తీసుకుపోలేదన్నమాట." కాగితం మడతపెట్టారు. "ఇంటికెళ్లి పొయ్యిలో పెడతాను."

ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ సంగతి లైమన్ తర్వాత చాలాసార్లు తలుచుకున్నాడు.

హిట్టీ ఒళ్లోని రొట్టె తునకలు దులుపుకుని లేచింది.

"దిగండి డీకన్ గారూ."

"ఏమంటున్నారమ్మా?"

"నిచ్చెన దిగండి. మీరు వెతికేది మీ కోటు మూడో బొత్తాం ఎదురుగా ఉంటుంది."

"అత్తా!" అన్నాడు లైమన్.

"నోరు ముయ్యి. చెట్టు కొసన పెరుగుతుంది డీకన్ గారూ, నడుము దగ్గర లావెక్కుతుంది. మధ్యలో సాగదు. లైమన్ గుర్రాల కడియం పద్దెనిమిదేళ్లుగా చెట్టుకుంది. ఇప్పుడు గుర్రాలను నిచ్చెనెక్కి కడుతున్నాడేమో అడగండి." కర్ర కొసతో బెరడు మీది గుంట చూపించింది. "లైమన్, గొడ్డలి. ముడతకు రెండంగుళాలు పక్కగా కొట్టు. పైనా కిందా గాటు పెట్టి పెళ్ల మొత్తంగా ఊడదియ్యి. ఇంత దెబ్బకు దానికేం కాదు."

లైమన్ గొడ్డలి పట్టుకుని కదలలేదు. కొలిమిలో ఎర్రటి ఇనుము చేతికి తగిలినా చలించని మనిషి. ఆ గొడ్డలి మాత్రం లేవడం లేదు.

"కొట్టరా."

కొట్టాడు. పది దెబ్బల తర్వాత పెళ్ల ఊడి నాచులో పడింది. లోపల నల్లబడిన పాత గాయం, దాని మీద చెక్కిన అక్షరాలు బయటపడ్డాయి. ఊడిన పెళ్ల లోపలివైపు అవే అక్షరాలు ఉబ్బెత్తుగా, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. చెట్టు గాయంలోకి ఒదిగి పెరిగి, దాని అచ్చు తీసుకుంది. ఒకపక్క కెంప్‌ఫీల్డ్ మొదటక్షరం, ఒకపక్క హాడ్‌బరీది, కింద 1773.

హిట్టీ రవిక నుంచి గుండుసూదులు తీసి, పెళ్ల అంచున, ఏడాదికొకటి చొప్పున పెరిగిన వలయాల్లో పదింటికి ఒక సూది గుచ్చుకుంటూ పోయింది. డీకన్ గారు కళ్లజోడు తుడుచుకుని, ముక్కు చెక్కకు తగిలేలా వంగి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టారు. ఎనభై ఏడు. వెయ్యీ ఎనిమిది వందల అరవైలోంచి ఎనభై ఏడు తీసేయడం ఆయనకు వేళ్ల మీదే వచ్చింది.

"ఇది మీకెలా తెలుసమ్మా?"

"పదకొండేళ్ల కింద వేలు పెట్టి చూశాను. ఎత్తు రాయడం మర్చిపోయాను. తప్పు నాదే."

డీకన్ గారు ఆ మాట అర్థమయ్యేదాకా అలాగే వంగి ఉన్నారు. తర్వాత నిటారుగా నిలబడి టోపీ తీశారు. కాగితాన్ని మళ్లీ విప్పి చూసుకున్నారు.

లైమన్ గొడ్డలి నేలకేసి కొట్టాడు. "ఎందుకు చెప్పావు? నెల తిరిగేసరికి ఇవన్నీ చర్మం ఒలిచిన గొడ్లలా పడుంటాయి! ఊరికే ఉంటే ఏం పోయేది?"

"మన ఊరు ఈ అడవిని ఎందుకు ఉంచుకుందిరా?"

"ఊటల మీద రాసిన ఉత్తరం చూసి."

"ఆ ఉత్తరం నమ్మి. ఇది కల్పన అని ఈయన నలుగురికి చెప్పాక, ఊటల ఉత్తరం నిజమని ఎవడు నమ్ముతాడు? అడవి ఒకటి పోతే ఇంకో అడవి కోసం రాస్తాను. ఆ మాట చెల్లాలి కదా." తర్వాత డీకన్ గారి వైపు తిరిగింది. "కార్ఖానాకు రాసిచ్చిన దాంట్లో ఈ చెట్లున్నాయా?"

ఆయన ఆలోచించారు. "లేవు. ఇవి ఇవాల్టిదాకా మా చెట్లు కావు. మళ్లీ సభ పిలిచి ఓటు వేస్తేనే ఇవ్వాలి. కానీ ఇచ్చేస్తారమ్మా. మా వాళ్ల సంగతి నాకు తెలుసు."

"సభ ఎప్పుడు?"

"పిలిస్తే రెండు వారాల్లో."

"ఓట్లెన్ని?"

"నూట నలభై దాకా. మీకు ఓటు లేదు. నాకున్నది ఒకటే."

"మీకు పెట్టెడు ఉత్తరాలున్నాయి," అంది హిట్టీ. "ముందు కాగితం రాయండి."

లైమన్ మోకాలి మీద పలక పెట్టుకుని రాశాడు. రాతిబల్లకు తూర్పున ఇరవై అడుగుల్లో హెమ్‌లాక్, నేలకు నాలుగడుగుల ఎత్తున గుర్తు. ఎత్తు రాయమని ఆమె రెండుసార్లు చెప్పింది. కింద ఇద్దరు పెద్దల సంతకాలు. సాక్షి దగ్గర ఆమె కలం తీసుకుని 'మెహిటబుల్ సాటెల్, ఒక బాటసారి' అని పూర్తి పేరు రాసింది. ముప్పై ఏళ్లలో ఆ రెండు పేర్లూ పక్కపక్కన పడటం అదే మొదలు.

ఆ సభలో ఏం జరిగిందో హాడ్‌బరీ ఊరి పుస్తకంలో ఉంది. ఆ అరవై ఎకరాల్లో పడమటి వాలు కార్ఖానాకు పోయింది. ఊటలున్న తూర్పు వాలు నిలిచింది. డీకన్ రూట్ ఒక ఉత్తరం చదివి వినిపించారనీ, మధ్యలో ఒకచోట చాలాసేపు ఆగారనీ గుమాస్తా రాశాడు. ఎందుకు ఆగారో రాయలేదు. కానీ ఏప్రిల్‌లో ఆ మధ్యాహ్నం అదేదీ ఎవరికీ తెలియదు.

లైమన్ కాగితం మీది సిరా ఆరబెట్టి, మడిచి, జేబులో పెట్టుకుని, నిచ్చెన ముందు కొస భుజానికెత్తుకున్నాడు. డీకన్ గారు ఇంకా చెట్టు దగ్గరే, గాయంలోని అక్షరాల మీద వేలు ఆడిస్తూ నిలబడ్డారు.

"హిట్టీ గారిని మా ఇంట్లో భోజనానికి..." అంటూ ఆయన తిరిగారు.

రాతిబల్ల మీద ఎవరూ లేరు. ఆమె ఇంటికి దారి ఎడమకు, కెంప్‌ఫీల్డ్ వైపు. హిట్టీ కుడివైపు వాలులో, హాడ్‌బరీకి పోయే బాటన దిగుతోంది. లంగా అంచు నడుముకు దోపి, కర్రతో మంచు మిగిలిన చోట్లను తడుముకుంటూ, తొందర లేకుండా, ఆగకుండా నడుస్తోంది.

"ఎక్కడికమ్మా?" అని కేకేశారు డీకన్ గారు.

"మీ ఊరికే," అన్నాడు లైమన్. "మొదటి ఇల్లు ఎవరిది?"

"చాండ్లర్‌ది. కార్ఖానాకు బళ్లు తోలేది వాడే."

"అయితే అక్కడే మొదలుపెడుతుంది."

ఆమె వెనక్కి చూడలేదు. వంపు తిరిగి చెట్ల మధ్యకు వెళ్లిపోయింది.